సైకిలు సందేహాలు: కార్లు రాని మట్టి దారి ఎక్కడుంది?

ఈ నెల ఉత్తరాల్లో హెల్మెట్లు, మోకాళ్ళ నొప్పులు వెనక్కి పోయి మట్టి దారులు ముందుకొచ్చాయి. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి దగ్గర రోజూ పొగ మింగేవాళ్ళకి ఆ కోరిక పుట్టడంలో వింతేమీ లేదు. ఒకే సంగతి అడిగినవాళ్ళ ఉత్తరాలు కలిపేశాను, మరీ పొడుగ్గా రాసినవి కుదించాను.

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు. మారతహళ్ళిలో ఉంటాను, ఐటీలో పని. ఔటర్ రింగ్ రోడ్డు మీద సైకిలెక్కితే ఇంటికి చేరేదాకా నమ్మకం లేదు. విదేశాల్లో కొండల మధ్య, అడవుల్లో, ఒక్క కారూ కనబడని మట్టి రోడ్ల మీద గ్రావెల్ సైకిళ్ళు తొక్కే వీడియోలు చూసి మనసు పడ్డాను. బెంగళూరు చుట్టుపక్కల అలాంటి అడవి దారి ఉందా? అందుకు గ్రావెల్ సైకిలే కొనాలా? షాపులో లక్షన్నర చెప్పారు.
(ఓ పాఠకుడు, మారతహళ్ళి)

జవాబు: డబ్బు సంగతి ముందు తేలుద్దాం. ఇప్పుడే కొనకు, తమ్ముడూ. గ్రావెల్ సైకిలని అమ్మేదాంట్లో ఉండేది కిందికి వంగిన హ్యాండిలు, 38 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, డిస్క్ బ్రేకులు, కొండెక్కడానికి తేలిక గేర్లు. వంపు హ్యాండిలు తప్ప మిగతావన్నీ రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే మంచి హైబ్రిడ్‌లోనో కొండ దారులకని చేసిన ఎంటీబీలోనో దొరుకుతాయి. రోజంతా తొక్కేవాళ్ళకి చేతులు మార్చి మార్చి పట్టుకోవడానికి ఆ వంపు సుఖమే, కాదనను. కానీ అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊళ్ళో ఏటా 200 మైళ్ళ మట్టి రోడ్డు పందెం పెడతారు. అది 2006లో మొదలైనప్పుడు గ్రావెల్ సైకిలు పేరుతో ఈనాటి సరుకు బజార్లో లేదు. ఉన్న సైకిళ్ళకే పట్టినంత లావు టైర్లు ఎక్కించుకుని తొక్కారు. సైకిలు విడిభాగాలు చేసే షిమానో వాళ్ళు ప్రత్యేకంగా గ్రావెల్‌కని జీఆర్‌ఎక్స్ గేర్లు తెచ్చింది 2019లో. నువ్వూ ఒక చలికాలం ఉన్న సైకిలుతోనే తిరుగు. ఫ్రేములో 40 మిల్లీమీటర్ల టైరు పడుతుందేమో మెకానిక్‌ను అడిగి అది వేయించు. అయ్యేది వేలల్లోనే, లక్షల్లో కాదు.

ఇక దారి సంగతి. బెంగళూరు మ్యాపు తెరిస్తే దక్షిణాన పచ్చగా కనబడేది బన్నేరుఘట్ట. ముందు అందరి కళ్ళూ దాని మీదే పడతాయి. అది జాతీయ ఉద్యానం, ఏనుగుల నెలవు. సైకిలు మాట అక్కడ మరిచిపో. తురహళ్ళి ఊరి మధ్య చిక్కిన చిన్న అడవి, పక్షులకీ నడకవాళ్ళకీ వదిలేయ్. సావనదుర్గ చుట్టూ మాగడి, మంచనబెలె వైపు పల్లె రోడ్లు చక్కగా ఉంటాయి గానీ, ఆదివారం అక్కడికి కార్లు కూడా అంతే చక్కగా వస్తాయి.

నన్నడిగితే ఉత్తరానికో, తూర్పుకో పో. చిక్కబళ్ళాపురం దాటాక గుడిబండ, బాగేపల్లి వైపు ఒకటి. కోలారు దాటాక ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు ఇంకొకటి. ఎందుకంటే అక్కడ నువ్వు కోరుకున్నవన్నీ ఉన్నాయి, అడవి తప్ప. బండరాళ్ళ కొండలు, వాటి కింద చెరువులు, చెరువుకో కట్ట, కట్ట చివరి నుంచి పక్క ఊరికి పాత ఎద్దులబండి దారి. ఊరూరికీ తారు రోడ్డు పడ్డాక బండ్లు, ట్రాక్టర్లు, బస్సులు దాని మీదికి మళ్ళాయి. పాత దారి మాత్రం చెరగలేదు. గొర్రెల మందలు, పొలానికి పోయే ఒకటీ అరా మోటారు సైకిలు తప్ప దాని మీద ఎవరూ రారు. నీ వీడియోల్లోని ట్రాఫిక్ లేని రోడ్డు మన దగ్గర ఉన్న రూపం ఇదే. అడవి లోపల వెతికితే దొరకదు, పొలాల మధ్య దొరుకుతుంది. నీడ కావాలంటే మధ్యలో నీలగిరి తోపులు, కొండ పాదాన చింత తోపులు.

ఇంకో లాభం ఉంది. గుడిబండ, బాగేపల్లి పల్లెల్లో ఇళ్ళల్లో మాట్లాడేది మన తెలుగే. నీ గుంటూరు తెలుగు విని మొదట నవ్వుతారు, తర్వాత దారి చెబుతారు. దారి అడిగేటప్పుడు "ఈ దారి ఫలానా ఊరికి పోతుందా?" అనొద్దు. మనల్ని నిరాశపరచడం ఇష్టంలేక పోతుందనే అంటారు. "మీరు చివరిసారి ఈ దారిన ఎప్పుడు పోయారు?" అని అడుగు. నిన్ననే పోయానంటే వెళ్ళు. చిన్నప్పుడు పోయేవాళ్ళం అంటే తారు రోడ్డెక్కు.

ఇంట్లోనే ఉపగ్రహ చిత్రం తెరిచి చెరువు కట్టలు గుర్తుపట్టు. కట్ట చివరి నుంచి పాయలా సాగే మట్టి రంగు గీతే నీ దారి. కొండ పక్కన తెల్లటి మచ్చలు కనబడితే అవి రాతి గనులు, క్రషర్లు. ఆ దారి మట్టిదే అయినా టిప్పర్లదని తెలుసుకో. లారీ వెనక నీ ముఖం మీద పడే పొడిని సిల్క్ బోర్డు పొగతో పోల్చి చూసుకోవాల్సి వస్తుంది.

హెబ్బాళ నుంచి జాతీయ రహదారి 44 మీద తొక్కుకుంటూ అక్కడికి పోతానంటే మాత్రం నేను ఒప్పుకోను. ముందు చక్రం ఊడదీస్తే సైకిలు మామూలు కారు వెనక సీట్లో పడుతుంది. గుడిబండ కోట కింద కారు ఆపి, అమానీ భైరసాగరం చెరువు పక్కనుంచి మొదలుపెట్టు. పైనుంచి చూస్తే చెరువు ఇండియా పటంలా ఉంటుందని జనం ఫొటోల కోసం కోట ఎక్కుతారు. వాళ్ళు పైకి, నువ్వు పల్లెల్లోకి. మొదటిసారి పాతిక కిలోమీటర్లు చాలు. మట్టిలో పాతిక తారు మీద నలభై తొక్కినంత అలుపు.

కోలారు వైపు చెరువుల గురించి ఒక ముక్క. ఎండాకాలంలో కూడా నిండుగా కనబడి ముఖం కడుక్కోవాలనిపిస్తుంది. ఆగు. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి ఆ చెరువుల్లో నింపుతున్నారు. నువ్వు పొద్దున మారతహళ్ళిలో స్నానం చేసిన నీళ్ళు నీకంటే ముందే అక్కడికి చేరి ఉండొచ్చు. భూగర్భజలానికి మంచిదే. ముఖానికి మాత్రం సీసాలో నీళ్ళు వాడుకో.

ప్రశ్న: మేడమ్, మాది హోసూరు. మా స్నేహితులు తెల్లవారుజామున జవళగిరి వైపు అడవి గేటు పక్కనుంచి సైకిళ్ళు దూర్చి లోపలికి పోతున్నారు. "సైకిలుకి పొగ లేదు, చప్పుడు లేదు, అడవికి ఏం నష్టం?" అంటారు. వాళ్ళతో పోవచ్చా?
(ఓ పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: పోవద్దు. మీ స్నేహితులు గొప్పగా చెప్పుకునే ఆ నిశ్శబ్దంతోనే చిక్కు. జీపు వస్తుంటే ఏనుగుకి దూరం నుంచే తెలుస్తుంది, పక్కకి తప్పుకునే వ్యవధి ఉంటుంది. సైకిలు మలుపు తిరిగేదాకా దానికి తెలియదు, మీకూ తెలియదు. ఇద్దరి మధ్యా పది బారల దూరం. దాని పక్కన పిల్ల ఉంటే ఆ తర్వాత మాటల్లేవు. ఏనుగు గంటకి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వేగంతో రాగలదు. రాళ్ళ ఎక్కుడులో మీరు ఎనిమిది తొక్కితే గొప్ప.

అది కూడా ఏ కాలంలో పోతున్నారో చూడండి. రాగి చేలు పండే రోజుల్లో, అంటే వానలు వెనకబట్టి చలి మొదలయ్యాక, బన్నేరుఘట్ట నుంచి గుంపులు తళి, జవళగిరి, దేంకణికోట అడవుల మీదుగా మీ హోసూరు పొలాల దాకా వస్తాయి. రాత్రంతా చేలల్లో మేసి తెల్లవారుజామున అడవిలోకి మళ్ళుతాయి. సైక్లింగుకి చల్లగా ఉంటుందని మీవాళ్ళు ఎంచుకున్న వేళ, ఏనుగులు ఇంటికి పోయే వేళ ఒక్కటే. ఆ రాత్రంతా మంచె మీద కూర్చుని టపాకాయలు పేల్చిన రైతు, వాటిని వెనక్కి తోలడానికి కష్టపడ్డ ఫారెస్ట్ వాచరు పొద్దున్నే మీ సైకిలు లైట్లు చూస్తే ఏమంటారో తమిళంలోనైనా తెలుగులోనైనా ఇక్కడ రాయలేను.

చట్టం సంగతి వేరే. ఆ వైపు అడవుల్లో పెద్ద భాగాన్ని తమిళనాడు ప్రభుత్వం 2014లో కావేరి నార్త్ అభయారణ్యంగా ప్రకటించింది, 2022లో కావేరి సౌత్‌ను చేర్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగుపెట్టడం నేరం. కాలినడకా, సైకిలా అనే తేడా అందులో లేదు. అభయారణ్యం కాని రిజర్వు ఫారెస్టులోకైనా గేటు పక్కనుంచి దూరడం చొరబాటే. కర్ణాటకలోని బండీపురం పులుల అడవిలో హైవే మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలే ఆపేశారు 2009 నుంచి. అడవిలో చీకటి వేళ ఎవరిదో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

తళి చుట్టుపక్కల చెరువులు, పూల తోటలు, పల్లె రోడ్లు బోలెడున్నాయి. ఎండ బాగా పైకెక్కాక బయల్దేరి, పొద్దు వాలకముందే వచ్చేయండి. టీ కొట్లో "ఈ పక్కన గుంపు ఉందా?" అని అడిగితే చాలు, ఎక్కడుందో, ఎన్ని ఉన్నాయో వాళ్ళకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు. ఉందంటే ఆ రోజుకి ఇంకో దిక్కు.

ప్రశ్న: అక్కా, కోలారు వైపు మట్టి దారుల్లో తొక్కిన ప్రతిసారీ పంక్చరే. ఒకరోజైతే రెండు చక్రాలూ. గాలి ఎక్కువ కొడితే ముళ్ళు దిగవని ఒకరు, తక్కువ కొట్టమని ఒకరు. ఏది నిజం?
(ఓ పాఠకురాలు, కేఆర్ పురం)

జవాబు: ముందు శత్రువుల్ని పరిచయం చేస్తాను. ఒకటి పల్లేరు కాయ. నేల మీద పాకే పసుపు పూల తీగకి కాస్తుంది, ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. చెరువు గట్ల మీద, ఎండిన కళ్ళాల దగ్గర ఉంటుంది. రెండోది సర్కారు తుమ్మ, మా మదనపల్లె వైపు కంపచెట్టు, ఇక్కడివాళ్ళకి బళ్ళారి జాలి. పొలం గట్టుకి కంచె వేసినప్పుడు కొమ్మలు దారి మీద పడతాయి. దాని ముల్లు చెప్పు అడుగునే దాటుకొస్తుంది, ట్యూబు ఎంత? కంచె కొత్తగా నరికి వేసిన చోట సిగ్గుపడకుండా దిగి, సైకిలు ఎత్తుకుని నడవండి.

గాలి ఎక్కువ కొట్టినా ముల్లు దిగేది దిగుతుంది. పైగా టైరు రాయి మీద ఎగిరెగిరి పడుతుంది, ఎక్కుడులో వెనక చక్రం జారుతుంది, మీ మణికట్లు హూనం. మరీ తక్కువైతే రాతి అంచుకి, రిమ్ముకి మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కన రెండు గాట్లు పడతాయి. డెబ్బై కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల టైరులో ట్యూబు ఉంటే 40 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. వెనక రెండు మూడు ఎక్కువ, ముందు అంత తక్కువ. మీ బరువుని బట్టి అటూ ఇటూ చేసుకోండి.

నిజమైన మందు ట్యూబ్‌లెస్. లోపల పోసిన సీలెంటు అనే జిగురు ద్రవం ముల్లు దిగిన చోటికి వచ్చి గడ్డకట్టి మూసేస్తుంది, మీకు ముల్లు దిగిన సంగతే తెలియదు. గాలి 30 పీఎస్‌ఐకి దించినా ట్యూబే లేదు కాబట్టి నలిగే భయం లేదు. కానీ రిమ్ము, టైరు రెండూ ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేవై ఉండాలి. లేనిదానికి టేపు చుట్టి సర్దేస్తామనే మెకానిక్‌ను నమ్మొద్దు. సీలెంటు మన ఎండలకి ఆరిపోతుంది. రెండు మూడు నెలలకోసారి చక్రం ఊపి లోపల ద్రవం గలగలమంటోందో లేదో వినండి.

ట్యూబులతోనే ఉంటానంటే ఒక్క అలవాటు చేసుకోండి. పంక్చరు వేశాక టైరు లోపల పాత గుడ్డ పెట్టి చుట్టూ తిప్పండి. ముల్లు మొన ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. ఒకేరోజు అదే చక్రానికి రెండోసారి గాలి పోయిందంటే చాలాసార్లు అది మొదటి ముల్లే. వేలుతో తడమొద్దు, గుచ్చుకుంటుంది.

ఇంకోటి. పల్లెలో పంక్చరు షాపు ఉంటుంది, కంప్రెసరూ ఉంటుంది, కానీ మీ ట్యూబుది సన్నటి ప్రెస్టా వాల్వు అయితే అక్కడి గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు దొరుకుతుంది, కొని వాల్వుకే బిగించి మరిచిపోండి.

ప్రశ్న: అక్కా, నాకు 34 ఏళ్ళు. మట్టి దారుల్లో ఒంటరిగా తొక్కాలని ఉంది. మావారు వద్దంటున్నారు. కుక్కలంటే నాకూ భయమే. నువ్వు ఒక్కదానివే పోతావట కదా?
(ఓ పాఠకురాలు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్)

జవాబు: పోతాను. అయితే కొత్త దారికి ఎప్పుడూ తోడుతోనే, తెలిసిన దారికే ఒంటరిగా. మీవారి భయం మనుషుల గురించి అయితే, పల్లెలో నిన్ను ఆపేది ప్రశ్నలే. "ఏ ఊరు తల్లీ, ఎందుకు ఇంత కష్టం, ఇంట్లో బండి లేదా?" వీటికి జవాబు సిద్ధం చేసుకో. నేను షుగర్ ఉందని చెప్పేస్తాను, లేకపోయినా. వెంటనే జాలిపడి మజ్జిగ ఇస్తారు.

కుక్క వెంటపడితే వేగం పెంచకు. పరిగెత్తేదాన్నే అది తరుముతుంది. దిగు, సైకిలు నీకూ దానికీ మధ్య అడ్డం పెట్టు, గట్టిగా కసురు, మెల్లగా నడుస్తూ దాని హద్దు దాటు. చాలా కుక్కలకి అంతటితో ఆసక్తి పోతుంది. గొర్రెల మంద దగ్గర కుక్క వేరే రకం. కాపరి పిలిచేదాకా కదలకుండా నిలబడు. కరిచినా, గీరినా, ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి పో. టీకా మొదటి మోతాదు రేపటికి వాయిదా వేయకు. గాయాన్ని బట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంకో సూదిమందు కూడా కావాల్సి రావచ్చు, అడుగు.

ఫోనులో నువ్వున్న చోటు ఇంట్లోవాళ్ళకి కనబడేలా పెట్టు. సిగ్నలు కొండ వెనక పోతుందని ముందే చెప్పు, లేకపోతే మీవారు పోలీసుల దాకా పోతారు. బాత్రూముకి ఊళ్ళో అంగన్‌వాడీ ఆయమ్మనో, గుమ్మంలో కూర్చున్న అవ్వనో అడుగు, కాదనరు. ఐదు రూపాయల బిళ్ళలు కొన్ని వెంట ఉంచుకో. చాలా ఊళ్ళలో శుద్ధ నీటి యంత్రానికి అదే తాళం. ఆ జిల్లాల బోరు నీళ్ళలో ఫ్లోరైడు సమస్య ఉంది కాబట్టి బోరు దగ్గర పట్టుకోవడం కంటే యంత్రం నీళ్ళే నయం. యంత్రం ఇచ్చేది బిందెడు. సీసా నింపుకుని మిగతావి వెనక నిలబడినవాళ్ళ బిందెలో పడనివ్వు.

ప్రశ్న: నమస్తే అమ్మా. మా అబ్బాయి జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉంటాడు. వేసవిలో రమ్మంటున్నాడు, బ్లాక్ ఫారెస్ట్‌లో అందరం సైకిళ్ళు తొక్కుదామంటాడు. నాకు 58. లాల్‌బాగ్ నడక తప్ప వేరే వ్యాయామం లేదు. నాకు సాధ్యమేనా?
(ఓ పాఠకురాలు, జయనగర్)

జవాబు: తప్పకుండా వెళ్ళండి. భయపడకుండా ఒక లెక్క చెబుతాను. బ్లాక్ ఫారెస్ట్‌లో అన్నిటికంటే ఎత్తైన ఫెల్డ్‌బెర్గ్ 1,493 మీటర్లు. మన నంది కొండ 1,478. తేడా ఐదంతస్తుల ఇంటి ఎత్తు. అయితే మనం బెంగళూరులో 900 మీటర్ల పైనే కూర్చున్నాం, ఆ అడవి అంచున ఉన్న వాళ్ళ ఫ్రైబుర్గ్ ఊరు 300 కూడా ఉండదు. అంచేత ఎక్కుడు పొడుగే. బ్యాటరీ సైకిలు అద్దెకి తీసుకోమనండి. 250 వాట్ల మోటారుతో, గంటకి 25 కిలోమీటర్ల దాకా మాత్రమే తోడ్పడే రకాన్ని అక్కడి చట్టం మామూలు సైకిలుగానే చూస్తుంది. తొక్కేది మీరే, ఎక్కుడులో అది చేయి అందిస్తుంది.

మనకీ వాళ్ళకీ పెద్ద తేడా చట్టంలోనే ఉంది. 1975 నాటి వాళ్ళ అటవీ చట్టం అడవి రోడ్ల మీద, దారుల మీద సైకిలు తొక్కనిస్తుంది. కలప లాగడానికి వేసిన కంకర రోడ్లు అడవంతా అల్లుకుని ఉంటాయి, సొంత కార్లు వాటి మీదికి రాకూడదు. ఏనుగుల్లేని అడవి కాబట్టి చెల్లింది. మీవాడు వెళ్ళే బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం ఒక మెలిక: రెండు మీటర్లకంటే ఇరుకైన దారిలో సైకిలు నిషేధం. కుర్రాడు ఇరుకు దారిలోకి లాగితే ఈ రూలు గుర్తుచేయండి. చెట్లు కొట్టేచోట దారి మూసిన బోర్డు కనబడితే ఆదివారమైనా సరే వెనక్కి తిరగండి. ఆదివారం కొట్లు మూసేస్తారు, తినేవి శనివారమే కొనుక్కోండి. పులిహోర కలిపి పట్టుకెళ్తే ఇంకా మంచిది.

రెండు జాగ్రత్తలు. అక్కడ సైకిళ్ళకి ముందు బ్రేకు మామూలుగా ఎడమ చేతికి ఉంటుంది, మన దగ్గర కుడి చేతికి. ఖాళీ స్థలంలో కాసేపు తిరిగి చేతులకి అలవాటు చేసుకున్నాకే దిగుడు దిగండి. కంకర దిగుడులో ముందు బ్రేకు ఒక్కసారిగా పడితే చక్రం జారిపోతుంది. రెండోది పిడుదులు. గడ్డిలో కూర్చుని లేచిన రోజు మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో చూసుకోండి. పట్టుకుని ఉంటే పట్టకారుతో తిన్నగా పైకి లాగాలి, నూనె పోయకూడదు. ఆ రాష్ట్రంలో పిడుదుల వల్ల మెదడువాపు వచ్చే ముప్పు ఉంది, దానికి టీకా ఉంది. ప్రయాణానికి ముందే వేసుకోవాలా అని డాక్టరును అడగమని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి.

ప్రశ్న: ఎర్రమట్టి దారిలో తొక్కొచ్చాక సైకిలును వాటర్ సర్వీసుకి ఇవ్వొచ్చా? చైనుకి ఇంట్లో కొబ్బరి నూనె వేస్తున్నాను.
(ఓ పాఠకుడు, విజయనగర)

జవాబు: రెండూ ఆపండి. ఆ గొట్టం వేగానికి నీళ్ళు హబ్బుల్లోకి, పెడల్ ఇరుసులోకి దూరి గ్రీజు కడిగేస్తాయి. బకెట్టు, తడిగుడ్డ చాలు. కొబ్బరి నూనె జిగురెక్కి, అందులో దుమ్ము కలిసి చైను పళ్ళని అరగదీస్తుంది. పాత లుంగీ ముక్కతో చైను తుడిచి, పొడి రకం లూబ్ (చైను కోసం అమ్మే నూనె) ఒక్కో లింకుకి ఒక్కో చుక్క వేసి, కాసేపాగి పైపైన ఉన్నది మళ్ళీ తుడిచేయండి. లుంగీ ఇంట్లోవాళ్ళని అడిగి తీసుకోండి.